పాదలేపము కరగినచోట

తెలుగు పాఠకుడు హిమాలయమును తొలిసారి చూచినది రైలుపెట్టె కిటికీనుండి కాదు; ప్రవరుని వెంట నడచి. అల్లసాని పెద్దన మనుచరిత్రమును పాఠముగా చదివిన బాలుడెవడైనను ఆ మంచుకొండ నొకసారి ఎక్కి దిగినవాడే. ప్రవరుడు అరుణాస్పదపురమున అగ్నులను కొలుచుకొనుచు ఉండిన గృహస్థు; ఇల్లు విడిచి దూరదేశములకు పోవుటకు వీలులేనివాడు. కాని ఊళ్ళు చూడవలెనన్న కోరిక ఆతనిని విడువదు. యాత్రికులు వచ్చిరని విన్నచో ఎదురేగి, ఇంటికి తోడ్కొనివచ్చి, భోజనము పెట్టి, వారు చూచిన కొండలెట్టివి, నదులెట్టివి, అవి ఎన్ని ఆమడల దూరమున ఉన్నవి అని అడిగి తెలిసికొని నిట్టూర్చును. నేటి మాటలలో చెప్పవలెనన్నచో, ప్రవరుడు యాత్రికుడగుటకు ముందు యాత్రాగ్రంథములకు మంచి పాఠకుడు.

సిద్ధుడు వచ్చినాడు, పాదలేపమిచ్చినాడు, వెంటనే ప్రవరుడు హిమాలయమున నిలిచినాడు. కొండను చూచినాడు, ఆనందించినాడు. మధ్యాహ్నమగుసరికి ఇల్లు జ్ఞాపకమునకు వచ్చినది. తిరిగి పోదమనుకొనునప్పటికి పసరు మంచునీటికి కరగిపోయినది. అంతవరకు ఆ కొండ ఆతనికి దృశ్యము. ఆ క్షణమునుండి స్థలము. అంతవరకు ఎవరిని ఏమియు అడుగవలసిన పని లేదు. ఇప్పుడు అచ్చట నివసించువారిని వెదకి దారి యడుగవలెను. కొండను వర్ణించిన పద్యములు కొన్నియే. కరగిన పసరు తెచ్చిన చిక్కునుండి పుట్టినది కావ్యము. పెద్దన యాత్రారచనను గూర్చి శాస్త్రము చెప్పదలచినవాడు కాడు. అయినను యాత్రారచనకు ఇంతకంటె మంచి సూత్రము తెలుగున దొరకదు: లేపము కరగినచోటనే రచన మొదలగును.

ఈ సూత్రమును నేడు జ్ఞాపకము చేసికొనవలసిన అవసరము కలదు. ఏలయన లేపము ఇప్పుడు అందరికిని చౌకగా దొరకుచున్నది. కుమావూఁ కొండలలో సముద్రమట్టమునకు 1,900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న నైనీతాల్ పట్టణమును చూడగోరువాడు కాఠ్‌గోదామువరకు రైలులో పోవచ్చును. అచ్చటనుండి మలుపులు తిరిగిన కొండదారిని మోటారులో రెండు గంటల లోపుగా సరస్సు ఒడ్డున దిగవచ్చును. మరునాడు పడవ యెక్కవచ్చును. తీగబండిలో కొండకొమ్ము చేరి మంచుశిఖరములను చూడవచ్చును. మూడవనాడు తిరుగుప్రయాణము కట్టవచ్చును. ఇందు తప్పేమియు లేదు. వేసవి బాధనుండి కొన్నాళ్ళు తప్పించుకొనుట మనుష్యమాత్రుని హక్కు.

తప్పు వచ్చునది ఆ ప్రయాణము సాహిత్యమని పత్రికకెక్కినప్పుడు. తెలుగు పత్రికలలో ఇట్టి కొండపట్టణములను గూర్చి వచ్చు వ్యాసములకు ఒక అచ్చు ఏర్పడినది. రైలు బయలుదేరిన వేళ మొదట ఉండును. తరువాత దారిలో దొరకని కాఫీ. పిమ్మట మలుపులు, దేవదారువృక్షములు, చలి. సరస్సు కనబడగానే భూతలస్వర్గము అన్న మాట తప్పదు. ఆపైన పడవ విహారము, గుడి, బజారులో కొనిన ఉన్నిబట్ట, చివర బరువెక్కిన హృదయముతో వీడ్కోలు. ఇట్టి వ్యాసములో నైనీతాల్ అన్న పేరు చెరిపి కొడైకెనాల్ అని వ్రాసినను, ఉదకమండలమని వ్రాసినను ఒక్క వాక్యమైన మార్చవలసిన పని ఉండదు. పేరు మార్చిన చెడని వర్ణన ఏ ఊరి వర్ణన? అందులో ఉన్నది ఊరు కాదు. రచయిత యొక్క సంతోషము. సంతోషము మంచిదే గాని, అందరి సంతోషము ఒక్కటే పోలికగా ఉండును.

ఈ లోపమును తెలిసికొనుటకు సూరతు నగరమునుండి చూచుట మేలు. సూరతునకును హిమాలయమునకును ఏమి సంబంధమని అడుగవచ్చును. తాపీనది సముద్రమును చేరుచోట వెలసిన ఆ నగరమున కొండ లేదు, మంచు లేదు. కాని భారతదేశమున ప్రయాణమన్న పదమునకు ఎన్ని అర్థములున్నవో అన్నియు అచ్చట ఒకచోట కూడినవి. మొగలాయీల కాలమున మక్కాయాత్రికులు ఓడలెక్కిన రేవు అది. 1613లో జహంగీరు ఫర్మానా పొంది ఆంగ్ల వర్తకులు గిడ్డంగి స్థాపించిన తావు అది. పందొమ్మిదవ శతాబ్దమున గుజరాతీ గద్యమునకు ప్రాణము పోసిన రచయితలు పుట్టిన ఊరు అది. తెలంగాణమునుండి తరలివచ్చిన నేతపనివారికి నేడు ఇల్లయిన నగరమును అదే. తీర్థయాత్ర, వర్తకము, విద్య, బ్రదుకుతెరువు - మనిషిని ఊరు కదలించు నాలుగు కారణములకును సూరతు సాక్షి. ఐదవది, విహారము, వీని తరువాత వచ్చినది.

వర్తకుని ప్రయాణముతో ఆరంభించుట న్యాయము. నైనీతాలును పుస్తకములకెక్కించినవాడు వర్తకుడే గనుక. సూరతులో గిడ్డంగి కట్టిన జాతివారు రెండు శతాబ్దములకు పైగా లోనికి నడచి నడచి కుమావూఁ చేరినారు. షాజహాన్‌పురమున చక్కెర వ్యాపారము చేయుచుండిన బారన్ అను ఆంగ్లేయుడు 1841లో ఆ సరస్సును చూచినాడు. చూచి పత్రికలో వ్రాసినాడు. 1844లో హిమాలయ సంచారమును గూర్చి గ్రంథమును ప్రకటించినాడు. ఆతడు పెట్టుకొనిన కలముపేరు యాత్రికుడు అను అర్థమిచ్చు ఆంగ్లపదము. సరస్సు ఒడ్డున ఆతడు కట్టుకొనిన ఇంటికిని ఆ పేరే పెట్టినాడు. తీర్థమునకు వచ్చి మ్రొక్కి పోవువానిని యాత్రికుడందుము. స్థలమును కొలిచి ఇల్లు కట్టువానిని ఏమనవలెనో సాహిత్యము ఇంకను తేల్చలేదు.

బారన్ కథలో పడవ ఘట్టము ప్రసిద్ధము. ఆ సరస్సును, చుట్టునున్న కొండను నరసింగ్ అను స్థానికుడు తనవని చెప్పుచుండెడివాడు. బారన్ పడవను కొండపైకి మోయించి తెచ్చి, ఆతనిని ఎక్కించుకొని, నడుమ లోతునకు పోయి, కాగితము పెన్సిలు చేతికిచ్చినాడు. హక్కు వదలుకొన్నట్లు వ్రాసిన సరి, లేనిచో ఈదుకొని పొమ్మన్నాడు. ఈత రాని ఆ మనిషి వ్రాసి ఇచ్చినాడు. ఈ కథను వింతగా, వినోదముగా చెప్పుట ఆచారమయినది. విమర్శకుడు గమనింపవలసినది వేరు. ఆ సరస్సుపై జరిగిన తొలి పడవ విహారములలో ఒకటి ఒక మనిషి తన స్థలమును పోగొట్టుకొనిన విహారము. ఆ సరస్సును గూర్చి పుట్టిన తొలి వ్రాతలలో ఒకటి భయముతో వ్రాసిన హక్కు విడుదల. నేడు అదే నీటిపై పడవనెక్కి, అలలు వెండివలె మెరసినవని వ్రాయు రచయిత ఈ రెంటిని ఎరిగి వ్రాసిన వాక్యము వేరుగా ఉండును.

బారనుకు ముందే కుమావూఁ కమిషనరు ట్రెయిల్ ఆ సరస్సును చూచినాడనియు, స్థానికులు దానిని పవిత్రముగా తలచుచున్నారని ఎరిగి, తోటి దొరలకు దారి చెప్పక ఊరకున్నాడనియు ఒక ప్రతీతి కలదు. ప్రతీతి ఎంతవరకు నిజమైనను అందులో ఒక సాహిత్యవివేకము ఉన్నది. చూచిన ప్రతిదానిని వ్రాసి తీరవలెనని లేదు. వ్రాసిన వర్ణన ఒక దారి చూపుడు. ఆ దారిని ఎవరు వత్తురో, వచ్చి ఏమి చేయుదురో రచయిత ఆలోచింపవలసి ఉన్నది. యాత్రారచన నిరపాయమైన ప్రక్రియ అనుకొనువారికి నైనీతాల్ మంచి గుణపాఠము. బారన్ వర్ణన వచ్చిన ఇరువది యేండ్లు దాటునప్పటికి ఆ కొండ వాయవ్య రాష్ట్రముల ప్రభుత్వమునకు వేసవి రాజధాని అయినది.

కొండ దానికి బదులు చెప్పినది. రెండు దినములు ఎడతెగక కురిసిన వానకు 1880 సెప్టెంబరు 18వ తేదీన సరస్సునకు ఉత్తరపు కొనయందలి కొండచరియ విరిగిపడి 151 మంది మరణించినారు. నయనాదేవి గుడి మట్టిలో కలిసినది. పెద్ద హోటలు భవనము నేలమట్టమయినది. పడిన మట్టితో ఏర్పడిన విశాలమైన చదునునేల తరువాత ఆటస్థలమయినది. యాత్రికులు సాయంకాలము తినుబండారములు కొనుక్కొని కూర్చుండునది అచ్చటనే. ఆ దుర్ఘటన తరువాత కొండవాలుల వాననీటిని చరియలలోనికి ఇంకనీయక సరస్సులోనికి దింపుటకు రాతికాలువలు కట్టినారు. ఇప్పటికిని ఊరు నిలిచియున్నది ఆ కాలువలపై. యాత్రావ్యాసములు ఆ కాలువలను దాటి నడచుచుండును గాని, వానిని చూడవు.

లేపము లేనివారు, అనగా ఆ చుట్టుపట్ల నివసించినవారు, ఏమి వ్రాసినారో చూచినచో భేదము తెలియును. జిమ్ కార్బెట్ 1875లో నైనీతాలులోనే పుట్టినాడు; తండ్రి అచ్చట పోస్టుమాస్టరు. చరియ విరిగిననాటికి ఆతడు ఐదేండ్ల బాలుడు. కుమావూఁ నరభక్షక వ్యాఘ్రములను గూర్చి 1944లో వెలువడిన గ్రంథము ఆతనికి లోకమున కీర్తి తెచ్చినది. కాని సాహిత్యదృష్టితో 1952లో వచ్చిన 'మై ఇండియా' ఎక్కువది. అందు ముఖ్యులు కొండవారు, పేద రైతులు, కూలీలు. పాలకజాతిలో పుట్టినవాడే, ఆ దృష్టికి ఉన్న హద్దులు ఆతనికిని ఉన్నవి. అయినను పులిని గూర్చి వ్రాయునప్పుడు కూడ గడ్డి కోయబోయిన స్త్రీ ఏ దారిని పోయినది, ఆ ఊరివారు ఎన్నాళ్ళు తలుపులు మూసికొన్నారు అన్నది మరువడు. దృశ్యమును వర్ణించుటకు తీరిక లేనివాని గద్యమది. అందుచేతనే అందు దృశ్యము నిలిచినది.

రెండవ ఉదాహరణము మహాదేవీవర్మ. నైనీతాలునకు సమీపమున రామగఢములో ఆమె మీరా కుటీరమను ఇల్లు కట్టుకొని వేసవులు గడపినారు. హిందీలో ఛాయావాద కవులలో నొకరు. ప్రకృతివర్ణనకు పేరుపడిన కలము. అట్టివారు ఆ కొండలనుండి తెచ్చి గద్యమునకిచ్చినది మంచుశిఖరము కాదు. లఛ్మా అను ఒక కొండపిల్ల. 1941లో వెలువడిన 'అతీత్ కే చలచిత్ర్' అను స్మృతిచిత్రముల సంపుటిలో ఆ పిల్ల కథ ఉన్నది. ఇంటిపని, అడవిపని, అత్తింటివారి క్రూరత్వము, పుట్టింటి దారిద్ర్యము, ఇన్నిటి నడుమ చెక్కుచెదరని ఆ పిల్ల నవ్వు - ఇది చదివినవాడు కుమావూఁను చూచినట్లే. శిఖరములను కవిత్వమునకు వదలి, గద్యమునకు మనిషిని ఎన్నుకొనిన ఆ వివేకము తెలుగు యాత్రారచయితలు గ్రహింపదగినది.

ఇంతమాత్రముచేత చిరకాలము నివసించినవాడే వ్రాయవలెనని, నాలుగు దినములకు పోయినవాడు కలము పట్టరాదని శాసించుట తగదు. అట్లయినచో యాత్రాసాహిత్యమే ఉండదు. ఈ చిక్కును విడదీయుటకు మరల గుజరాతీ సాహిత్యమే దారి చూపును. సూరతులో 1829లో జన్మించిన మహీపత్‌రామ్ రూప్‌రామ్ నీలకంఠుడు విద్యాశాఖ పక్షమున 1860లో ఇంగ్లండునకు పోయినాడు. సముద్రము దాటినందుకు నాగరకులమువారు వెలివేసినారు. తిరిగివచ్చి ఆతడు వ్రాసిన ఇంగ్లండు ప్రయాణవర్ణనము 1864లో వెలువడినది. ఆ పుస్తకములోని ప్రతి పుటకును ఆతడు మూల్యము చెల్లించినాడు. పోయివచ్చుట వలన తన జీవితము మారిన మనిషి వ్రాసినది గనుక దానికి బరువు ఉన్నది. ఆతని సమకాలికుడును అదే ఊరివాడును అయిన నర్మదుడు తన నగర చరిత్రమునే గ్రంథముగా వ్రాసినాడు. దూరదేశమును చూచు కన్నును, సొంత ఊరిని చూచు కన్నును ఒక్క తరమున సూరతులో తెరచుకొనినవి. ఈ రెండును ఒక్క కన్నే అని ఆ తరమువారికి తెలియును.

తరువాతి తరమున కాకా కాలేల్కర్ వచ్చినాడు. మాతృభాష మరాఠీ అయినను గుజరాతీలో వ్రాసి ఆ గద్యమునకు కొత్త శోభ తెచ్చినవాడు; 1965లో సాహిత్య అకాడమీ పురస్కారము పొందినవాడు. ఆతడు 1912లో స్వామి ఆనంద్ మొదలైన మిత్రులతో కూడి హిమాలయమున కాలినడకన తిరిగినాడు. ఆ స్వామి ఆనందుడే 1928లో సూరతు జిల్లా బార్డోలీ సత్యాగ్రహమున వల్లభభాయి పటేలునకు కార్యదర్శిగా పనిచేసినాడు. కొండలలో నడచిన కాళ్ళే రైతుల పొలముగట్లపై నడచినవి. కాలేల్కరు 'హిమాలయనో ప్రవాస్' నడచి వచ్చిన వెంటనే వ్రాసినది కాదు. ఏండ్లు గడచిన పిమ్మట జ్ఞాపకములనుండి తీసినది. మరచిపోదగినది మరచిపోయిన తరువాత మిగిలినదే అందు ఉన్నది. నేటి వ్యాసములకు లేనిది ఆ వడపోత.

అయితే కాలేల్కరు కాలినడకన పోయినందుచేతనే గొప్పగా వ్రాసినాడనుట పొరపాటు. ఆతనిది గోదావరిని గూర్చిన వ్యాసమొకటి ఉన్నది. తెలుగువారు తప్పక చదువవలసినది. మదరాసునుండి రాజమహేంద్రవరమునకు పోవుచు బెజవాడ దాటిన పిమ్మట రైలులోనుండి చూచిన చూపు అది. రైలు ఎవరికైనను లేపమే, ఆతనికిని అంతే. కాని ఆ నదిని ఆతడు నాసికమునందు ఎరుగును, రామకథలో ఎరుగును, దక్కనులో పుట్టినవాడుగా ఎరుగును. వంతెనమీద గడచిన కొన్ని నిమిషముల వెనుక ఒక జీవితకాలపు పరిచయము ఉన్నది. కావున నిలకడను దినములతో కొలువరాదు, సంబంధముతో కొలువవలెను. మూడు దినములకు నైనీతాల్ పోయిన తెలుగువాడు వెంట ఏమి తీసికొనిపోయినాడు అన్నదే ప్రశ్న.

తెలుగువాడు తీసికొనిపోదగిన సంపద కొంచెమైనది కాదు. మొదటిది ఏనుగుల వీరాస్వామి ఇచ్చిన ఒరవడి. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా ఉండిన ఆయన 1830 మే నెలలో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చినాడు. కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపిన వృత్తాంతము 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చయినది. ఆ గ్రంథమున వర్ణనలు తక్కువ; ఏ మజిలీలో నీళ్ళెట్టివి, ఏ ఊరిలో ఏ వస్తువులు దొరకును, దారి ఎట్టిది అన్న సమాచారము ఎక్కువ. పల్లకీలతో, పరివారముతో పోయిన సంపన్నుడే. అయినను తన వెనుక రాబోవు బీదయాత్రికుని కూడ మనసులో పెట్టుకొని వ్రాసినాడు. ఆ వాక్యములలో 'నేను ఆనందించితిని' అన్నదానికంటె 'ఇచ్చట నీరు దొరకును' అన్నది ముఖ్యము. కాలము గడచినకొలది ఆ గ్రంథము విలువ పెరిగినది అందుకే.

రెండవ సంపద తెలుగు నుడి. కొండమీది నీటిని చూడగానే తెలుగు రచయిత సరస్సు అను సంస్కృతపదమును అందుకొనును. ఆ మాట వెంట ప్రబంధములనుండి హంసలు, తామరలు దిగును. అచ్చట ఉన్నవో లేవో చూచువారుండరు. తెలుగువానికి నీటిని గూర్చి ఇంతకంటె పనికివచ్చు మాటలు ఉన్నవి: చెరువు, కుంట, మడుగు, గుండము, కట్ట, తూము, అలుగు. వేయి యేండ్లు చెరువు కింద బ్రదికిన జాతి ఇది. పాకాల, రామప్ప చెరువులను తవ్వించినవారి సంతతి. చెరువును చూడగానే పల్లెటూరి తెలుగువాడు మూడు ప్రశ్నలు అడుగును: నీరు ఎచ్చటినుండి వచ్చును? అలుగు ఎటు పారును? పూడిక ఎంత?

ఈ మూడు ప్రశ్నలను నైనీతాలులో అడిగి చూచినచో వ్యాసమే మారిపోవును. స్థానిక పురాణకథ ప్రకారము అది అత్రి, పులస్త్య, పులహులు దప్పిగొని తవ్వి, మానససరోవర జలముతో నింపిన గుంట. త్రిఋషి సరోవరమని దాని పాతపేరు. అనగా కథలోనే అది తవ్వించిన చెరువు! సతీదేవి కన్ను పడినచోటని మరియొక కథ. కింది కొనను, తల్లీతాల్ అనుచోట, మిగులునీటిని విడుచుటకు తలుపులున్నవి, అది అలుగు. అచ్చటినుండి పారు బలియానాలా కింద కొండను కోయుచున్నది. ఆ చరియలు 1898లోను విరిగిపడినవి, తరువాతను విరుగుచున్నవి. పైన సూఖాతాల్ అను వానకాలపు కుంట ఉన్నది. దానిలో ఇంకిన నీరే నేలలోపల నడచి పెద్దచెరువును చేరును. ఎండిన కుంటయని దానిని చిన్నచూపు చూచి, మట్టితో కట్టడములతో నింపుచు వచ్చినారు. 2017 వేసవిలో నీటిమట్టము పడిపోయి ఒడ్డులవెంట మట్టిమేటలు బయటపడినవి. ఊరివారికి తాగునీరు ఆ చెరువుదే. ఈ సంగతులు ఇంజనీరు వ్రాయవలసినవని, కవికి అక్కరలేదని అనువారుందురు. తెలుగు పల్లెలో చెరువు తెగునను భయము ఎన్ని పాటలను, ఎన్ని కథలను పుట్టించినదో వారు మరచుచున్నారు.

సూరతువారికి ఈ భయము కొత్తది కాదు. పదునారవ శతాబ్దారంభమున మలిక్ గోపి అను సంపన్నుడు ఆ నగరమున తవ్వించిన గోపీతలావ్ చిరకాలము ఎండి, పేరు మాత్రము మిగిలి, ఇటీవలనే మరల నీటితో నిండినది. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీ పొంగి నగరమును ముంచినది. నీరు లేకపోవుటయు, నీరు మీదపడుటయు ఎరిగిన ఊరినుండి కొండమీది కొలనునకు పోయినవాడు, తన ఊరి అనుభవమును విడిదిలో విడిచి, పరాయి కన్నులతో పడవ యెక్కనేల? ఊరు కదలినవాడు తన ఊరిని వెంట తీసికొనిపోవుటయే యాత్రారచనకు మూలధనము.

ఇచ్చట ఒక ప్రశ్న మిగిలినది. అది అన్నింటికంటె పెద్దది. ఎవరి ప్రయాణము సాహిత్యము? సూరతులో లింబాయత్ మొదలైన పేటలలో తెలంగాణమునుండి వచ్చిన తెలుగు కుటుంబములు మరమగ్గములపై, బట్టల పనులపై బ్రదుకుచున్నవి. వారిలో పద్మశాలీలు పెక్కురు. నగరపాలకులు వారి బిడ్డలకై తెలుగు మాధ్యమ పాఠశాలలు కూడ నడపినారు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి భీవండికి, షోలాపురమునకు, సూరతునకు సాగిన ఈ ప్రయాణము తెలుగుజాతి చేసిన పెద్ద ప్రయాణములలో ఒకటి. దానికి వీరాస్వామి లేడు. ఏ మజిలీలో ఏమి దొరకినది, ఏ ఊరిలో ఎవరు నీళ్ళు పోసినారు అని వ్రాసిపెట్టిన పుస్తకము అరుదు. విహారమునకు పోయినవాని మూడు దినములు పత్రికలో పుటలు నిండించుచుండగా, బ్రదుకుటకు పోయినవాని ముప్పది యేండ్లు ఒక్క పుటకైనను నోచుకొనకున్నవి.

ఈ రెండు ప్రయాణములును నైనీతాలులో ఒకచోట కలియును. విహారికి పెట్టెలు మోయు కూలీ ఆ ఊరివాడు కాకపోవచ్చును. నేపాలు పశ్చిమ భాగమున డోటీ ప్రాంతమునుండి బ్రదుకుతెరువునకై దిగివచ్చి బరువులు మోయువారిని అచ్చట డోటియాలులందురు. తెలుగు యాత్రావ్యాసములో ఆతడు 'కూలీ' అన్న ఒక్క మాటగా వచ్చి, బేరము ముగియగానే మాయమగును. సూరతు మరమగ్గముల నడుమ పెరిగిన తెలుగు యువకుడెవడైనను ఒకనాడు ఆ కొండ యెక్కినచో ఆతనికి ఆ డోటియాలు పరాయివాడుగా తోచడు. తన తాత మొదటిసారి సూరతు స్టేషనులో మూటతో దిగిన తీరు ఆ మనిషి నడకలో కనబడును. ఆ యువకుడు వ్రాసిన నైనీతాల్ యాత్రను పేరు మార్చి మరియొక ఊరికి అతికింపలేము. తెలుగు యాత్రాసాహిత్యము ఎదురుచూడవలసినది అట్టి పుస్తకముకొరకు. దానిని వ్రాయించుట, వచ్చినప్పుడు గుర్తించుట, సంపాదకులును విమర్శకులును నిర్వహింపవలసిన పని.

మరల ప్రవరుని కడకు పోవలసి ఉన్నది. దారి తప్పి తన ఊరికి తెరువు చెప్పుమని వేడిన ఆ బ్రాహ్మణుని చూచి వరూధిని నవ్వినది. అంతటి కన్నులు ఉండగా దారిని ఒకరి నడుగుట యెందుకని పరిహసించినది. పెద్దన పాఠకులు నాలుగువందల యేండ్లకు పైగా ఆ మాటలోని సొగసును మెచ్చుచున్నారు. యాత్రారచయితలు మాత్రము ఆ పరిహాసమును ఉపదేశముగా తీసికొన్నట్లున్నారు: కన్నులున్నవి, చాలును, అడుగ నక్కరలేదు. కంటి పేరనే వెలసిన నైనీతాల్ దానికి విరుద్ధమైన పాఠము చెప్పుచున్నది. ఆ చెరువు ఎవరి చేతినుండి పోయినదో, దాని ఒడ్డున ఎవరు మట్టిలో కలిసినారో, దాని నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదో కన్ను ఒక్కటియే చెప్పలేదు. ప్రవరునికి ఎంతటి కన్నులున్నను దారి తెలియలేదు గదా. ఆతడు అడిగినాడు, అడిగినందుననే ఆతని ప్రయాణము కావ్యమయినది.